మొరవ మీది మట్టిగడ్డలు

పుంగనూరు దగ్గరి ఓ చిన్న చెరువుకు గంగులయ్య నీరుగంటి. తూము తెరవడం, మడులకు నీళ్లు పంచడం, మొరవ చూసుకోవడం అతని పని. చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే రాతికట్టునే మొరవ అంటారు. నీళ్లు పోతుంటే ప్రాణం ఒప్పక, రైతులు దానిమీద గరికతో సహా పెళ్లగించిన మట్టిగడ్డలు పేర్చి మరో జానెడు నీళ్లు నిలబెట్టుకునేవారు. మబ్బు ముదిరితే వాటిని తోసెయ్యాల్సింది నీరుగంటే.

డెబ్బైల చివరి మాట. వరసగా కరువులు పడ్డాక చెరువు నిండింది. ఆ సాయంత్రం తూర్పున మబ్బు కమ్మితే గంగులయ్య పార భుజాన వేసుకుని వెళ్లాడు. నిండు చెరువును చూశాక మొరవమీది గడ్డలు తోసెయ్యడానికి చెయ్యి రాలేదు. పొద్దున చూద్దాంలే అనుకుని తిరిగొచ్చాడు.

తెల్లారేసరికి నీళ్లు కట్టెక్కి పొర్లుతున్నాయి. రేకుడబ్బా వాయిస్తూ దిగువ వీధిలోకి పరుగెత్తాడు.

"లేయండప్పా! సామాన్లు ఇడిసిపెట్టి బడిమిట్టకు పొండి! తడిసిన గోడల పక్కన నిలబడొద్దండమ్మా!"

అందరూ మిట్టెక్కాక కట్ట తెగింది. మనుషులు దక్కారు. పరుపులు కుట్టే ఫక్రుద్దీన్ ఇల్లు మాత్రం కూలింది. ఏకి పెట్టుకున్న దూదంతా బురదముద్దయింది.

నీళ్లు తీశాక గంగులయ్య ముందు ఆ ఇంటికే పోయాడు. బురద ఎత్తాడు. వాళ్ల బావి తోడి సున్నం వేశాడు. ఫక్రుద్దీన్ భార్య షకీలా కాచి చల్లార్చిన నీళ్లు చెంబుతో అందించింది.

"నువ్వు డబ్బా కొట్టకుంటే మేము యాడుందుమో అన్నా!"

గంగులయ్య తాగకుండానే చెంబు కింద పెట్టి, మళ్లీ పార అందుకున్నాడు.

కట్టకు పడ్డ గండి పూడ్చాక, మరుసటేడు చెరువు మళ్లీ నిండింది. రైతులు గడ్డలు మోసుకొచ్చారు. ముందర ఫక్రుద్దీన్! కొత్తగా కాస్త మడి గుత్తకు చేస్తున్నాడు.

"నీళ్లు ఊరికే పోతాండాయి, సూడన్నా. పెట్టేద్దాం."

"వద్దు బాయ్."

"సెరువేమన్నా నీ అబ్బ సొత్తా?" అన్నారెవరో వెనకనుంచి.

ఫక్రుద్దీన్ నవ్వాడు. "మునిగినోడ్ని నేను. నాకు లేని బయం నీకు యాలన్నా?"

గంగులయ్య పొర్లే నీళ్లలోనే, మొరవ రాయిమీద కూర్చుండిపోయాడు. గడ్డలు పెట్టాలంటే అతన్ని లేపాలి. గొణుక్కుంటూ వెళ్లిపోయారే గాని, ఎవరూ లేపలేదు.

ఆ తర్వాత ఆ ఏడు ఇక వాన పడలేదు. చివరి తడికి నీళ్లు చాలక, ఫక్రుద్దీన్ వరి కంకి బయటికి రాకముందే, పొట్టమీదే ఎండిపోయింది. ఆ వీధిన పోతుంటే షకీలా మాత్రం ఎప్పటిలాగే పిలిచి చెంబుతో నీళ్లిచ్చేది. గంగులయ్య తలెత్తకుండా తాగేవాడు.