తప్పు ఫైలు దిద్దిన మధ్యాహ్నం

హుస్సేనీ ఆలంలోని ఒక చిన్న ట్రస్టు ఏటా కొందరు ఆడపిల్లలను ఉచితంగా నర్సింగ్ చదివిస్తుంది. వాళ్ల వెబ్‌సైట్ నడిచే సర్వర్‌ను మలక్‌పేటలోని మా ఆఫీసు నుంచి నేనే చూసుకునేవాణ్ణి. ఆ రోజు దరఖాస్తులకు ఆఖరి రోజు. సాయంత్రం ఐదు దాటితే తీసుకోరు.

రెండింటికి కిషన్‌బాగ్ నుంచి ఒక దర్జీ, ట్రస్టువాళ్లు పంపారంటూ తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంటర్ మెమో ఎన్నిసార్లు పెట్టినా వెబ్‌సైట్ తీసుకోవడం లేదట. మెమో చేతికి రాగానే లామినేషన్ చేయించడం మా బస్తీల్లో రివాజు. ఆ మెరుపులో అక్షరాలు పోకుండా జిరాక్స్ షాపువాళ్లు స్కాన్ బాగా పెద్దగా తీస్తారు. మా సర్వరేమో రెండు ఎంబీ దాటితే వద్దంటుంది.

నాకది చిటికెలో పని. వెబ్‌సైట్‌ను నడిపించే పీహెచ్‌పీ సాఫ్ట్‌వేర్‌కు సెట్టింగులు రాసి ఉండే ఫైలు ఒకటుంటుంది. అదెక్కడుందని సర్వర్ నల్ల తెర మీద కమాండ్ కొట్టి అడిగాను. చెప్పింది. ఫైలు తెరిచి, రెండు ఉన్నచోట ఇరవై రాసి, సర్వర్‌ను మళ్లీ స్టార్ట్ చేశాను. అదే తెర మీద అడిగి చూసుకున్నాను. ఇరవై అనే ఉంది.

"ఇగ పెట్టు బిడ్డా," అన్నాను. ఆ అమ్మాయి తన ఫోన్‌లో నొక్కింది. ఎక్కలేదు.

"మీ స్కానే ఖరాబుంది భాయ్. మళ్ల తీయించుకొని రాపో," అన్నాను విసుగ్గా. పోయి తెచ్చారు. అదీ ఎక్కలేదు. మళ్లీ పంపాను. నా ఫైలు మీద నాకు అంత నమ్మకం.

నాలుగున్నర దాటాక అనుమానమొచ్చింది. నీ సెట్టింగులు ఎక్కడున్నాయని ఈసారి వెబ్‌సైట్‌నే అడిగే చిన్న పేజీ రాసి బ్రౌజర్‌లో తెరిచాను. వేరే ఫోల్డర్ పేరు కనిపించింది. నేను దిద్దింది కమాండ్లు కొట్టే నాలాంటివాళ్లకు పనిచేసే ఫైలు. బయటి జనానికి పనిచేసేది ఇంకొకటి. దాన్ని నేను ముట్టుకోనే లేదు. పద్నాలుగేళ్లుగా చేస్తున్న పని ఇది. తల కొట్టేసినట్టయింది.

రెండో ఫైలు దిద్ది దర్జీకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. బండి మీద ట్రాఫిక్‌లో ఉన్నాడు. వాళ్లు మెట్లెక్కి వచ్చేసరికి ఐదూ పది. దరఖాస్తు పేజీ మూతపడింది.

వాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టి, పక్క గదిలోకి వెళ్లి ట్రస్టు పెద్దాయనకు ఫోన్ చేసి, ఒకమ్మాయి దరఖాస్తు మిగిలిపోయిందని చెప్పాను.

"సర్వర్‌ల ఏమన్న లొల్లి అయిందా? అయితే చెప్పు, రేపటిదాంక తెరుస్త," అన్నాడాయన.

నిజం నోటిదాకా వచ్చింది. ఆ సర్వర్ పని చేతినుంచి పోతుందని భయమేసింది.

"సర్వర్ మంచిగనే ఉంది సార్. వాళ్లే లేట్ చేసిండ్రు."

"అయితే ఇగ వచ్చే ఏడే," అని ఫోన్ పెట్టేశాడు.

బయటికొచ్చి గడువు అయిపోయిందని చెప్పాను. ఆ అమ్మాయి మెమోను తుడిచి కవర్లో పెట్టుకుంది. దర్జీ లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"గుస్సా కాకుండ్రి సాబ్. మా కాగితం జేయంగ మీకు మస్తు తక్లీఫ్ అయింది. మాఫ్ జేయుండ్రి."

"పర్వలేదు భాయ్," అన్నాను.