'లాభం' అన్నదెవరు?

ముందే ఒక మాట చెప్పేస్తాను. దెయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇది రాస్తూ కూడా నమ్మడం లేదు. మా వీధి చివర పాడుబడ్డ ఇంట్లో ఎవరో కనిపించారని జనమంతా చుట్టు తిరిగి వెళ్తుంటే, నేను సైకిలేసుకుని ఆ ఇంటి ముందునుంచే కాలేజీకి వెళ్లిన మనిషిని. కాబట్టి చదివాక "పాపం, జడుసుకుంది" అని మాత్రం అనకండి. జడుసుకోలేదు. ఒళ్లు మండింది, అంతే.

నా పేరు సత్యవతి. రెండువేల ఎనిమిది ప్రాంతంలో రామచంద్రపురంలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. కింద ఎరువుల కొట్టు, పైన మేం. మెట్లెక్కుతుంటేనే యూరియా వాసన ముక్కుకి తగిలేది.

జీతానికి చెప్పే పాఠాలు వేరు, సరదాకి చెప్పేవి వేరు. నాకు చిన్న చిన్న వీడియో గేములు రాయడం పిచ్చి. అవి ఎలా రాయాలో తెలుగులో రికార్డు చేసి నెట్‌లో పెట్టేదాన్ని. ఆదివారాలు పాఠం ఉండేది కాదు, కబుర్లే. అదే సెంటర్లో అకౌంట్స్ కోర్సు చెప్పే శీను, నేను కూర్చుని ఆ వారం ఆడిన గేముల గురించి వాదించుకుని, ఆ ఆడియో పెట్టేవాళ్లం. దాన్ని పాడ్‌కాస్ట్ అంటారని మాకూ అప్పుడే తెలిసింది. దానికి 'ఇంకో లైఫ్' అని పేరు పెట్టాం. వినేవాళ్లు కొద్దిమందే. కానీ ఒక్క వారం ఆలస్యమైతే చాలు, "ఏంటండీ, ఇంకా పెట్టలేదు?" అని మెయిల్ కొట్టేసేవారు.

ఆ యేడాది మాఘమాసంలో మా నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట ఒకేసారి పడిపోయాయి. రాజమండ్రి ఆసుపత్రిలో పది రోజులుంచి ఇంటికి తెచ్చాం. వచ్చేటప్పుడు డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి ఒక మాట చెప్పారు.

"మాట పోయినవాళ్లకి కూడా నోటికి బాగా అలవాటైన లెక్కలు ఒక్కోసారి మిగిలి ఉంటాయమ్మా. రోజూ ఒకటీ రెండూ అనిపించండి. ఒక్క అంకె వచ్చిందంటే దాని వెనకాల మిగతా అంకెలూ, మాటలూ వస్తాయి. మొదటి మూడు నెలలూ ముఖ్యం. వదలకండి."

నేను వదిలే రకం కాదు. రోజూ పొద్దున్నే మంచం పక్కన కూర్చుని, నాన్న ఎడం చెయ్యి పట్టుకుని, "ఒకటి... అను నాన్నా, ఒకటి" అనేదాన్ని. నాన్న నా పెదవుల వంక చూసేవాడు. ఆయన నోరు కదిలేది, ఏదో గాలి వచ్చేది, అంకె వచ్చేది కాదు. పది నిమిషాలయ్యాక మొహం గోడవైపు తిప్పేసుకునేవాడు. నాకు ఏడుపొచ్చేది. కనపడనివ్వకుండా రేపు మళ్లీ చూద్దామని లేచేదాన్ని.

నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. అమ్మ కోరుకొండ వెళ్లి మొక్కుకుని వచ్చింది. ఆఖరికి అమ్మే అంది, "ఎందుకే ఆయన్ని అలా హింస పెడతావు? ఇంక అంతేలే, ఇలాగే చూసుకుందాం" అని. మా మేనత్త అయితే మొహాన్నే అడిగేసింది. "ఇంట్లో మాట పడిపోయిన మనిషిని పెట్టుకుని, నువ్వు మేడెక్కి మిషన్‌తో కబుర్లాడుతున్నావంట! ఏం గుండే తల్లీ నీది!" అని. ఆ మాట బాగా తగిలింది. అయినా రికార్డింగ్ మానలేదు. రోజంతా ఆ మంచం పక్కనే కూర్చుంటే నాకూ మాట పడిపోతుందేమో అనిపించేది మరి.

రికార్డింగ్ మధ్యాహ్నం ఒంటి గంట నుంచి రెండున్నర దాకా. ఆ టైములో సెంటర్లో పిల్లలుండరు, కింద కొట్టాయన షట్టర్ దించి భోజనానికి వెళ్లిపోతాడు. ఫ్యాన్ చప్పుడు మైకులో పడుతుందని అదీ ఆపేసేవాళ్లం. ఏప్రిల్ ఎండలో, తలుపులన్నీ వేసుకుని, చెమటలు కక్కుతూ చెప్పిన పాఠాలవి.

ఆ రోజు పాఠం అర్రే గురించి. కంగారు పడకండి, పెద్ద విషయమేం కాదు. గేములో చాలా వస్తువులుంటే వాటిని వరసగా గడుల్లో పెట్టుకుంటాం, ఆ వరసని అర్రే అంటారు. చిత్రమేంటంటే కంప్యూటరు ఆ గడుల్ని ఒకటి నుంచి లెక్కపెట్టదు, సున్నా నుంచి పెడుతుంది. అందుకని ఎనిమిది గడులుంటే చివరి గడి నంబరు ఎనిమిది కాదు, ఏడు. కొత్తవాళ్లందరూ బోల్తా పడేది ఇక్కడే. అప్పుడు నేను రాస్తున్న గేము కాలవ మీద పడవలోకి ధాన్యం బస్తాలు ఎక్కించేది. ఆ బస్తాలనే ఉదాహరణగా తీసుకున్నాను.

నాకో పద్ధతి ఉంది. ప్రశ్న అడిగాక వెంటనే జవాబు చెప్పను. వినేవాళ్లు ఆలోచించుకోవాలని మూడు సెకన్లు ఊరుకుంటాను. క్లాసులోనూ అంతే, రికార్డింగులోనూ అంతే. ఆ పాఠంలో అలాంటి ఖాళీలు రెండున్నాయి. "మొదటి బస్తా నంబరెంత? మీరే చెప్పండి" అని ఒకటి. "ఎనిమిది బస్తాలుంటే చివరి బస్తా నంబరెంత?" అని ఒకటి.

రికార్డు చేశాను. శీను ఎదురుగా కుర్చీలో కూర్చుని ఏదో పత్రిక తిరగేస్తున్నాడు. ఎవరూ రాలేదు, ఏ చప్పుడూ కాలేదు. మళ్లీ వినే ఓపిక లేక, మొదలూ చివరా కత్తిరించి ఫైలు ఎక్కించేశాను. నా తప్పే, ఒప్పుకుంటాను.

నాలుగో రోజున పాలకొల్లు నుంచి ఒకాయన మెయిల్ రాశారు. పాఠం బాగుందని రాసి, కింద ఇలా అడిగారు. "మధ్యలో జవాబులు చెప్పిన పెద్దాయన ఎవరండీ? కళ్లంలో ధాన్యం కొలిచే లెక్క విని చాలా కాలమైంది. మంచి ఆలోచనండి, ఆయన్ని ప్రతి పాఠంలోనూ పెట్టండి."

నాకు అర్థం కాలేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను.

"మొదటి బస్తా నంబరెంత? మీరే చెప్పండి" అన్నాను నేను. తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో ఒక ముసలి గొంతు, స్పష్టంగా, నింపాదిగా "లాభం" అంది. వెంటనే నా గొంతు: "సున్నా!"

రెండో ఖాళీ దగ్గరకి వచ్చేసరికి వాల్యూం పెంచాను. "ఎనిమిది బస్తాలుంటే చివరి బస్తా నంబరెంత?" ఖాళీ. "ఆరున్నొక్కటి" అంది ఆ గొంతు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా వైపు ధాన్యం కుంచంతో కొలిచే రోజుల్లో మొదటి కుంచాన్ని 'ఒకటి' అనేవారు కాదు. శుభమని 'లాభం' అనేవారు. లాభం తర్వాత రెండు, మూడు, అలా పోయేది. ఏడు దగ్గరకొస్తే 'ఏడు' అనేవారు కాదు, అది ఏడవమన్నట్టు ఉంటుందని. 'ఆరున్నొక్కటి' అనేవారు. కాటాలొచ్చాక ఆ లెక్కే పోయింది.

శీనుని పిలిచి వినిపించాను. అతనిది విశాఖపట్నం, కళ్లం మొహం ఎరగడు.

"లాభం ఏంటండీ మేడం? ఎవరికి లాభం?" అన్నాడు.

"నువ్వేనా అన్నది? నిజం చెప్పు" అన్నాను.

"మీకు దండం పెడతానండీ, నాకా మాటే తెలీదు" అన్నాడు. మర్నాడు పొద్దున్న చూస్తే సీపీయూకి నిమ్మకాయా, మిరపకాయలూ వేలాడుతున్నాయి. తెంపి అవతల పారేశాను. అతను మధ్యాహ్నం రికార్డింగుకి రావడం మానేశాడు.

కింద కొట్టాయన చెవిన పడగానే కథ తయారైపోయింది. "ఆయ్, ఈ స్థలం ఒకప్పుడు ధాన్యం కొట్టేనండి. కొలిచేవాడెవడో ఇక్కడే పోయుంటాడు. శాంతి చేయించండమ్మా, ఆ రికార్డింగులు ఆపేయండి" అన్నాడు. "ఈ ఊళ్లో ధాన్యం పెట్టని స్థలం ఒక్కటి చూపించండి బాబాయ్‌గారూ, అక్కడికి మారిపోతాను" అన్నాను. నేను శాంతీ చేయించలేదు, పాఠాలూ ఆపలేదు.

నాకు తెలిసిన పరీక్షలన్నీ చేశాను. అదే టైములో, అదే మైకుతో, అవే ప్రశ్నలు పదిసార్లు రికార్డు చేశాను. ఏమీ పడలేదు. పాత ఆడియో కలిసిందేమో అనడానికి అది క్యాసెట్ కాదు, నేరుగా కంప్యూటర్లోకి వెళ్లినది. వీధిలోంచి వచ్చిందేమో అనడానికి, తెర మీద ఆ గొంతు గీత నా గొంతు గీతంత ఎత్తుంది. అంటే ఆ మనిషి మైకుకి నా అంత దగ్గరగా ఉండాలి. మైకేమో నా నోటి ముందుంది. అన్నిటికన్నా నాకు మింగుడు పడనిది ఇంకోటి. చివరి బస్తా నంబరు ఏడు. ఎవరో దారిన పోయేవాడు కూసిన కూత కాదు అది, నా ప్రశ్నకి సరైన జవాబు.

ఆ సాయంత్రం సైకిల్ మీద ఇంటికొస్తూ ఒకటే తిట్టుకున్నాను. ఎవడు వాడు? నా పాఠంలో నన్నడక్కుండా జవాబు చెప్పడానికి ఎవడు? సున్నాకి లాభం అంటాడేంటి? ఒకటి అనైనా అనకుండా...

కాలవ వంతెన మీద సైకిల్ ఆగిపోయింది. నేనే ఆపేశాను.

మా నాన్న ఏం చేసేవాడో మీకు చెప్పనేలేదు కదూ. ధాన్యం కొలిచేవాడు. నా చిన్నతనమంతా ఆయన కళ్లాల్లో కుంచం పట్టుకుని లెక్క పాడినవాడే. నేను ఒకటో తరగతిలో ఉండగా, రైతులందరి ముందూ, "లాభం కాదు నాన్నా, ఒకటి అనాలి. మా టీచరు చెప్పింది" అన్నాను. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వి, "ఒకటి మీ బళ్లో అమ్మా. ఇక్కడ లాభమే" అన్నాడు. తర్వాత కాటాలొచ్చి ఆయన పని మారిపోయింది, నేను చదువులో పడి అది మర్చేపోయాను. ఆ గొంతు విన్నాక కూడా ఆ లెక్కని నాన్న మంచంతో కలిపి చూడలేదు. అమ్మకి తట్టలేదా అంటే, డాక్టరు గారు ఒకటి అనమన్నారు కాబట్టి ఒకటే అనాలని అమ్మ నమ్మకం.

రెండు నెలలపాటు నేను నాన్న నోట్లో కుక్కిన మాట ఆయన జన్మలో లెక్క మొదలుపెట్టని మాట.

ఇంటికెళ్లేసరికి అమ్మ ఆయనకి మజ్జిగ పడుతోంది. చెప్పులైనా విప్పకుండా మంచం పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకుని, "లాభం" అన్నాను.

నాన్న నా వంక చూశాడు. గోడవైపు తిరగలేదు. పెదవులు కలిశాయి, విడిపోయాయి.

"రెండు" అన్నాడు.

అమ్మ చేతిలో గ్లాసు కింద పడింది. నాన్న ఆగలేదు. మూడు, నాలుగు, అయిదు, ఆరు. గొంతు బొంగురుగా ఉంది, అంకె అంకెకీ మధ్య చాలాసేపు పడుతోంది, కానీ ఆగలేదు. "ఆరున్నొక్కటి" అన్నాడు. ఏడనే మాట ఎవరూ అనకపోయినా అమ్మా నేనూ ఇద్దరం ఏడ్చేశాం. డాక్టరు గారు చెప్పిన మూడు నెలలకి ఇంకా పన్నెండు రోజులుంది.

ఆ వెనకాల మిగతా మాటలు వస్తాయని డాక్టరు గారన్నారు కదా, అవి రాలేదు. బతికినన్నాళ్లూ నాన్నకి మిగిలింది ఆ లెక్కొక్కటే. కానీ దాంతోనే అన్నీ చెప్పేవాడు. మజ్జిగ కావాలంటే గబగబా రెండు మూడు, కోపమొస్తే ఒక్క ఆరు, నేను ఇంటికి రాగానే లాభం. ఆ ఇంట్లో మళ్లీ ఒక గొంతు ఉంది. నాకదే చాలు.

నెల తర్వాత ఒక ఆదివారం పొద్దున్న ఆ పాఠాన్ని ఇంటికి తీసుకొచ్చి నాన్న చెవికి హెడ్‌ఫోన్ పెట్టాను. అది ఆయన గొంతు కాదని నాకు ముందే తెలుసు. ఆయనది బొంగురు గొంతు, ఇది సన్నగా, ఇంకా ముసలిగా ఉంటుంది. మొదటి ఖాళీ వచ్చింది. నాన్న కళ్లు పెద్దవయ్యాయి. రెండోది వచ్చింది. ఎడం చేత్తో హెడ్‌ఫోన్‌ని చెవికి గట్టిగా అదుముకుని, చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ గొంతు ఆయనకి తెలుసు. ఆ నవ్వు చూసినవాళ్లెవరికైనా అర్థమవుతుంది, తెలుసని.

"ఎవరు నాన్నా?" అన్నాను.

"లాభం" అన్నాడు.

"అది కాదు నాన్నా. ఆయన ఎవరు? పేరు చెప్పు."

నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. పేరు చెప్పే మనిషిలాగే, ఎంతో శ్రద్ధగా, రెండు నుంచి ఎనిమిది దాకా లెక్కపెట్టాడు. పెట్టి, ఇప్పుడు తెలిసిందా అన్నట్టు నా మొహంలోకి చూశాడు.

తెలిసిందని తలూపాను. తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. ఆ ఫైలులోంచి గొంతుని తీసేయమని చాలామంది చెప్పారు, తియ్యలేదు, తియ్యను. దెయ్యమని మాత్రం నా చేత ఎవరూ అనిపించలేరు. నాకు తెలిసిన దారులన్నీ వెతికాను, దొరకలేదు, అంతవరకే చెప్పగలను. ఈ రోజుకీ పాఠం చెబుతూ ప్రశ్న అడిగితే, ఆ మూడు సెకన్లూ ఊరుకుంటాను.