మా చెల్లి ఖాళీగా ఉన్న ఏడాది

"ఖాళీగా ఉంది" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కుర్చీ ఖాళీగా ఉంటుంది, అద్దెకిచ్చే వాటా ఖాళీగా ఉంటుంది. మనిషి ఖాళీగా ఉండటమేంటండీ? మా చెల్లి ఉద్యోగం మానేసినప్పటి నుంచీ మా పెద్దమ్మ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇదే చెప్పేది. "ఏం చేస్తుందీ, ఖాళీగా ఉంది. పైగా ఊళ్లు పట్టుకు తిరుగుతోంది."

సరే, ఆ ఖాళీ సంగతేంటో నేను చెబుతాను.

చెల్లి చదివింది వినికిడి పరీక్షల చదువు. చదువు అవగానే చెవి మిషన్లు అమ్మే ఒక షాపులో ఉద్యోగం దొరికింది. ముందు గదిలో సోఫాలు, అద్దాల బీరువాలు. వెనక చిన్న పరీక్ష గది. దాని గోడలకి మందపాటి స్పాంజి అతికించి ఉండేది. తలుపు వేస్తే మన ఊపిరి మనకే వినపడేది. ఆ గదంటే చెల్లికి ప్రాణం. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం తింటూ ఆ రోజు కబుర్లు చెప్పేది. ఒక మామ్మగారు మిషన్ పెట్టుకుని రెండడుగులు వేసి, తన చెప్పుల చప్పుడు తనే విని, "ఇంత మోతగా నడుస్తానా నేను! కోడలు ఒక్కనాడూ చెప్పలేదే!" అని సిగ్గుపడిపోయిందట. మేమంతా పడీ పడీ నవ్వాం.

ఆ షాపు మేనేజరుకి చెల్లి పెట్టిన పేరు నవ్వులాయన. తిట్టేటప్పుడు కూడా ఆయన మొహం మీద నవ్వు చెరగదు. ఆయన సిద్ధాంతం ఒక్కటే: గుమ్మం తొక్కినవాడు మిషన్ లేకుండా బయటికి పోకూడదు.

ఒకరోజు ఒక ముసలి టైలరుగారు వచ్చారు. ఏం చెప్పినా "ఆఁ?" అంటున్నారు. చెల్లి లైటు వేసి చూస్తే రెండు చెవుల్లోనూ గులిమి గట్టిపడిపోయి, సీసాకి బిరడా పెట్టినట్టుంది. "తాతగారూ, మీకు మిషన్ అక్కర్లేదు. డాక్టరు దగ్గరికెళ్లి శుభ్రం చేయించుకోండి, చాలు" అని గట్టిగా అరిచి చెప్పి పంపేసింది.

నవ్వులాయన ఆ అరుపు విన్నాడు. లోపలికి పిలిచాడు.

"ఇంతకీ నువ్వు ఎవరి తరఫమ్మా? షాపు తరఫా, ఆయన తరఫా?"

"చెవి తరఫు సార్."

ఆయన ఇంకాస్త నవ్వాడు. చెల్లికి సెలవున్న రోజు చూసి టైలరుగారి ఇంటికి ఫోన్ చేయించి, రప్పించి, రెండు చెవులకీ రెండు మిషన్లు అంటగట్టాడు. చెవిలో పువ్వులు పెట్టడం అంటే విన్నాంగానీ, ఇలా మిషన్లు పెడతారని మాకప్పుడే తెలిసింది.

వారం తిరక్కుండా టైలరుగారు చెవి పట్టుకుని మళ్లీ వచ్చారు. మిషన్ కుయ్యిమంటోంది, చెవి సలుపుతోంది, వినికిడి మాత్రం అంతే. "నువ్వు వద్దన్నావమ్మా, ఆయనేమో కావాలన్నాడు. పెద్దాయన కదా అని ఆయన మాటే నమ్మాను" అన్నారు, తనే తప్పు చేసినట్టు తల దించుకుని.

చెల్లి డ్యూటీ మధ్యలోనే ఆయన్ని ఆటో ఎక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. శుభ్రం చేయించుకుని రోడ్డు మీదికి రాగానే ఆయన ఉలిక్కిపడి చెల్లి చెయ్యి పట్టుకున్నారట. "అబ్బ! ఏం రొదమ్మా ఇది! మునుపటి చెవుడే నయం" అని నవ్వేశారట. చెల్లి తిరిగొచ్చి, ఆ మిషన్లు వెనక్కి తీసుకోమని నవ్వులాయన్ని అడిగింది. "వాడిన సరుకు వెనక్కి తీసుకోం" అన్నాడు. అప్పుడూ అదే నవ్వు. చెల్లి మెడలోని గుర్తింపు కార్డు తీసి ఆయన టేబుల్ మీద పెట్టి వచ్చేసింది.

ఇంట్లో నాన్న అన్నారు, "నిజమే చెప్పావు, కాదనను. ఆ నిజం ఉద్యోగంలో ఉండి చెప్పుకోవచ్చుగా?" పెద్దమ్మ అయితే బుగ్గలు నొక్కుకుంది. "గులిమి కోసం ఉద్యోగం వదులుకున్నదాన్ని నిన్నే చూశానే తల్లీ!" అమ్మ మాత్రం చెల్లి కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది.

కొన్నాళ్లు చెల్లి గదిలోంచి బయటికి రాలేదు. ఫోన్ ఎత్తేది కాదు. పలకరిస్తే కసురుకునేది. మోసం చేసినవాడు దర్జాగా ఉన్నాడు, వద్దన్నది ముసుగుతన్ని పడుకుంది. ఇదెక్కడి న్యాయం?

అప్పుడు కాలేజీలో దానితో చదివిన స్నేహితురాలొకతె వచ్చింది. ఎవరో పుణ్యాత్ములు పెట్టిన సంస్థ తరఫున వ్యానులో ఊరూరూ తిరిగి, బడిపిల్లలకి చెవులు పరీక్షిస్తోంది. ఏడాది పని. "డ్రైవరు మానేశాడే. నాకు ఎడమేదో కుడేదో తెలియదు. నువ్వు రా, బండి నడపడం నేర్చుకుందువుగాని" అంది. మా చెల్లా! నా చెయ్యి పట్టుకోకుండా రోడ్డు దాటేది కాదు. అలాంటిది లైసెన్సు తెచ్చుకుని వెళ్లింది. ఒకనాడు ఫోన్ చేసి, "అక్కా, ఇవాళ కొండ మలుపులో వ్యాను వెనక్కి తీశాను. కింద లోయ. కళ్లు మూసుకోలేదు!" అంది. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది.

ఒక కొండ ఊరి బడిలో మూడో తరగతి పిల్లలందరికీ పరీక్ష అయిపోయింది. చివరి బెంచీలో ఒక పొడుగుపాటి పిల్ల మిగిలింది.

"దానికి చేసి లాభం లేదమ్మా. అది మొద్దు" అంది టీచరమ్మ, ఆ పిల్ల ఎదుటే.

చెల్లి చేసింది. ఒక చెవి అసలు వినపడదు. రెండోది సగం. అందరూ లేస్తే లేచేది, అందరూ పాఠం వల్లిస్తే తనూ పెదాలు కదిపేది. అలా నెట్టుకొస్తోంది ఇన్నాళ్లూ. ముందు బెంచీలో కూర్చోబెట్టమని చెల్లి చెబితే, "ఎత్తు ప్రకారం కూర్చోబెడతాం. అది పొడుగు" అంది టీచరమ్మ.

"పొడుగైతే ముందు వరసలో గోడ వారన కూర్చోబెట్టండి. ఎవరికీ అడ్డం రాదు."

"రేపు పోయేదానివి, నీకెందుకమ్మా ఈ తగువు?"

చెల్లి మర్నాడు పోలేదు. స్నేహితురాలు ఎంత సణిగినా వ్యాను కదలనివ్వలేదు. సంస్థవాళ్లతో పోట్లాడి ఆ పిల్లకి మిషన్ తెప్పించి, సరిచేసి, తన చేత్తోనే తొడిగింది. టీచరమ్మ బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క కీచుమంది. ఆ పిల్ల ఠక్కున తలెత్తి, "బోర్డు అరుస్తోందేంటి?" అంది. తరగతంతా గొల్లున నవ్వింది. ఆ పిల్లా నవ్వింది.

టీచరమ్మ ఏమన్నదో తెలుసా? "చూశావా, ఇన్నాళ్లూ నటించిందన్నమాట!"

జన్మలో గొంతు పెంచని మా చెల్లి ఆ రోజు ఎలా అరిచిందంటే, పక్క తరగతి పిల్లలంతా వచ్చి కిటికీలకి వేలాడారట. ఏమన్నావే అని ఎన్నిసార్లు అడిగినా చెప్పదు. టీచరమ్మ మాత్రం ఆ పిల్ల పుస్తకాల సంచి తనే తీసుకొచ్చి ముందు బెంచీ మీద పెట్టిందట.

పని గడువు తీరి చెల్లి ఇంటికొచ్చింది. ఎండకి నల్లబడింది, నడకలో దడుపు పోయింది. ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. "ఈ ఏడాది గ్యాప్ ఏమిటి?" అని ప్రతిచోటా అదే ప్రశ్న. చెబితే, "అంటే టూర్లు తిరిగారన్నమాట" అన్నాడొకడు. ఇంకొకరు నవ్వులాయనకే ఫోన్ చేసి అడిగారు. "మంచి పిల్లే, కాస్త ఒద్దిక తక్కువ" అన్నాడట ఆయన. ఆ ఏడు ఆయన షాపుకి ఉత్తమ శాఖ బహుమతి కూడా వచ్చింది. మెడలో దండతో ఆయన దిగిన ఫోటో గాజు తలుపుకే అంటించారు. నేను ఆ దారిన పోవడం మానేశాను.

చివరికి వేరే ఊళ్లో ఒక ఆసుపత్రి డాక్టరమ్మ గ్యాప్ ఊసెత్తలేదు. "మా పరీక్ష గది తలుపు సరిగ్గా పడదు. ఎలా నెట్టుకొస్తావ్?" అని అడిగింది. బడుల్లో పిల్లలు ఆటలకి పోయాక సామాన్ల గదిలో, బయటి చప్పుడు రాకుండా చాపలు వేలాడదీసి పరీక్షలు చేసిన వైనం చెల్లి చెప్పింది. "సోమవారం వచ్చెయ్" అందావిడ. జీతం పాతదానికంటే తక్కువ. పెద్దమ్మ పెదవి విరిచింది. నాన్న మాత్రం చెల్లి పెట్టె తనే మోసుకెళ్లి బస్సెక్కించారు.

చేరిన వారానికే చెల్లి దగ్గర్నుంచి ఫోన్. గొంతులో నిప్పులు.

"అక్కా, ఇక్కడ అటెండరు గుమ్మంలో నిలబడి పేర్లు పిలుస్తాడు. పలకకపోతే ఆ చీటీ అడుగున పెట్టేస్తాడు. పొద్దున్నే వచ్చిన ముసలాళ్లు మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుంటున్నారు. ఇదేంటయ్యా అంటే, వినపడకపోతే నన్నేం చెయ్యమంటారు మేడమ్ అంటాడు. వినపడకే కదయ్యా ఇక్కడికొచ్చారు, అన్నాను!"

అంకెల బోర్డు పెట్టించమని డాక్టరమ్మని అడిగింది. ఆవిడ పైవాళ్లకి రాసింది. పైవాళ్లు ఆ మాట పెడచెవిన పెట్టారు. బోర్డు ఇంతవరకూ రాలేదు. అటెండరుకి చెల్లి మీద ఇంకా కోపమే. అందుకని ఒక్కొక్క పరీక్ష అవగానే చెల్లే బయటికొచ్చి, తరవాతివాళ్లు ఏ బెంచీ మీదున్నారో వెతికి, భుజం తట్టి లోపలికి తీసుకెళుతోంది.