ఒక్క పిట్టనూ వాలనివ్వని ఏడాది

కరోనా తగ్గిన మరుసటి వానాకాలం. నాగల్‌గిద్ద దగ్గరున్న తన కంది చేనుకు మహబూబ్‌బీ నన్ను కావలి పెట్టుకుంది. నాకు అక్షరం రాదు కానీ పిట్టను కూతతోనే గుర్తుపడతాను. చిన్ననాటి నుంచి మంచె మీద నాది అదే పని.

మా దిక్కు కందిలో ఎనిమిది సాళ్లకొక జొన్న సాలు వేస్తారు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. మన రొట్టెలకే అనుకున్నాను.

"అక్కా, ఒక్క పిట్ట వాలొద్దు," అంది మహబూబ్‌బీ. "గీసారి కంది చేతికొస్తెనే ఊర్లె ఉంటం. లేకపోతే ఇగ పట్నంల ఇటుకలు మోసుడే."

ఆమె పోతే నాకు మాట్లాడే తోడు పోతుంది. అందుకే పంతం పట్టాను. జొన్న పాలు పోసుకునే రోజుల్లో వడిసెల, అంటే రాయి పెట్టి విసిరే తాడు, చేతిలోంచి దింపలేదు. రేకు డబ్బా మోగిస్తూనే ఉన్నాను. చిలుకలు పోయాయి. గోరింకలు పోయాయి. జొన్న జోలికే రాని, తోక చీలిన నల్లపిట్ట కూడా పోయింది. మధ్యాహ్నం మహబూబ్‌బీ రొట్టె, పుంటికూర తెచ్చేది. మంచె కింద తింటూ, నిండుగా ఉన్న కంకులు చూసి ఇద్దరం మురిసేవాళ్లం.

కంది కాయ పట్టాక ఒకరోజు ఆమె ఒక కాయ ఒలిచింది. గింజ లేదు, పచ్చపురుగు ఉంది. ఇంకోటి ఒలిచింది. అదీ అంతే. మందు కొట్టాం, అప్పటికే ఆలస్యమైంది.

పక్క చేను కావలి చంద్రప్ప తాతకు మంచె ఎక్కితే నిద్రే. ఆయన జొన్న సగం పిట్టల పాలు. కంది మాత్రం గుత్తులు గుత్తులు. ఎట్లా అని అడిగితే నవ్వాడు.

"నువ్వు బగ్గ కష్టపడ్డవ్ బిడ్డా, నేను బగ్గ పండుకున్న. జొన్నకొచ్చిన పిట్ట ఉత్తగ పోతదా? కంది మీద పురుగును ఏరుకొని పోతది. నువ్వు పిట్టను కొట్టి పురుగుకు కావలి ఉన్నవ్."

మహబూబ్‌బీ నన్ను నిందించలేదు. "చెప్పింది నేనే కదా అక్కా," అని ఖేడ్ బస్టాండులో పట్నం బస్సెక్కింది.

ఆ సాలు జొన్న పిట్టల కూలి అని అప్పుడు తెలిసింది నాకు. ఇప్పుడు ఆ పక్కనే ఇంకో చేనుకు కావలి ఉంటున్నాను. చిలుకల గుంపు దిగితేనే డబ్బా కొడతాను. మిగతావాటిని వాటి పని చేసుకోనిస్తాను.

ఏటా ఈ రోజుల్లో మహబూబ్‌బీ ఫోన్ చేస్తుంది.

"పిట్టలొచ్చినయా అక్కా?"

"వచ్చినయ్. నల్లపిట్ట గూడ."

"తిననియ్యి."

తన చేను సంగతి అడగదు. అక్కడ జొన్న లేదు, కంది లేదు, పిట్ట ఎందుకు వాలుతుంది? నేనూ చెప్పను. మంచె కింద రొట్టె విప్పుకుని, ఆ బీడు వైపే చూస్తూ తింటాను.