సీలేసిన ప్యాకెట్‌కి కొసరు

మాది గోదావరి మధ్య లంక. ఊరంతటికీ నాదొక్కటే కిరాణా కొట్టు. రేవు దాటితే పెద్ద కొట్లున్నాయి కాబట్టి, ఒక్క మనిషి అలిగినా ఆ బేరం పడవెక్కి పోతుందని నా భయం. మొన్నామధ్య మా కోడలి మాట విని, కందిపప్పు బస్తా మానేసి ప్యాకెట్లు తెప్పించాను. తూకం మీద గుప్పెడు కొసరు పోసే పీడ వదులుతుందనుకున్నాను.

మొదటి ప్యాకెట్ ఎదురింటి వదినగారు కొన్నారు. కొని కదలరే! కొంగు పట్టుకుని నిలబడ్డారు.

"కొసరండీ?"

"సీలేసిన ప్యాకెట్‌కి కొసరేంటి వదినగారూ?"

"సీలు ప్యాకెట్‌కి వేసేరు గానండీ, మీ చేతికి వెయ్యలేదు కదా!"

వెనకున్నవాళ్ళు "ఆయ్, నిజమేనండీ" అన్నారు. ఆవిడ రేవు వైపు ఓ చూపు చూశారు. ఇంకో ప్యాకెట్ చింపి గుప్పెడు పోశాను. చింపినది ఎవరు కొంటారు? వెనకున్నవాళ్ళందరికీ అందులోంచే కొసరు పోయాల్సొచ్చింది. ప్యాకెట్ ఖాళీ.

మర్నాడే మళ్ళీ బస్తా దింపించాను. వదినగారు వస్తే పప్పు తూచి, చెంచాతో కొసరు వేశాను.

"చెంచా ఏంటండీ?"

"నిన్ననే నా చేతికి సీలేసేరండీ" అన్నాను.