టీ వద్దన్నాను

అమెరికాలో, పార్సిప్పనీలో ఉద్యోగం చేసే రోజుల్లో సెలవు పెట్టి, ఒక్కణ్ణే ఉత్తర ఇంగ్లండ్ వెళ్లి కారు అద్దెకు తీసుకున్నాను. మొదటి రోజంతా కొండలు, రాతిగోడలు, గొర్రెలు చూశాను. నాతో మాట్లాడింది జీపీఎస్ ఒక్కటే.

సాయంత్రం బస కుదుర్చుకున్న ఇంటికి చేరగానే ఆ ఇంటి పెద్దావిడ, “ఆరింటికి టీ, వస్తావా?” అంది. వెళ్లాలనే ఉన్నా మొహమాటానికి వద్దన్నాను. మనవాళ్లయితే మళ్లీ అడుగుతారు. ఆవిడ “సరే” అంది.

ఆరింటికి కిందికి దిగితే ఆవిడ ఒక్కతే బల్ల దగ్గర కూర్చుని బంగాళాదుంపలూ మాంసమూ తింటోంది. అక్కడ టీ అంటే రాత్రి భోజనమని అప్పుడు తెలిసింది.

“నువ్వు తిన్నావా మరి?” అంది.

“తిన్నానండీ” అనేసి మెట్లెక్కాను, మెల్లగా, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ.

ఆవిడ మళ్లీ అడగలేదు.