ఆయిలు బండి

మా అత్తయ్య పుట్టి పెరిగిన కంకిపాడు చేలగట్ల మీద డీజిల్ అనే మాట లేదు. ట్రాక్టర్లో కొట్టించేది ఆయిలు, నీళ్లు తోడే ఇంజన్లో పోసేది ఆయిలు, బంకు నుంచి క్యాన్లో పట్టుకొచ్చేదీ ఆయిలే. పెట్రోలు మాత్రం పెట్రోలు, ఎందుకంటే అది మోటారు సైకిళ్లున్న వాళ్ల వ్యవహారం. ఈ ఒక్క మాట మా ఇంట్లో ఎంత దూరం వెళ్లిందో చెప్తే ఎవరూ నమ్మరు.

కారు అవసరం నాది. మేముండేది పటమటలో. నేను లెక్కలు చెప్పే బడి కంకిపాడు అవతల. బందరు రోడ్డు మీద స్కూటీ వేసుకుని వెళ్లొచ్చేదాన్ని. ఒక వానాకాలం పొద్దున, పెనమలూరు దాటాక, వెనకనుంచి లారీవాడు హారన్ కొడితే బెదిరిపోయి పక్కకు తిప్పి, బురదలో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. ఎముక అతుక్కుంది గానీ స్కూటీ ఎక్కితే కాళ్లు వణకడం పోలేదు. ఆ తర్వాత బస్సులు. బస్సు దొరకని రోజుల్లో మా ఆయన మోటారు సైకిల్ మీద దింపి, తన ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లేవారు. చివరికి ఒకరోజు అన్నం తింటూ, ఎంతో ప్రేమగా, “ఎందుకీ అవస్థ, వచ్చే ఏడాది నుంచి మానెయ్యరాదూ,” అన్నారు.

పిల్లలకి లెక్కలు చెప్పడం నాకు అవస్థ కాదు. రోజంతటిలో నేను నాలా ఉండేది ఆ నల్లబోర్డు ముందే. మానెయ్యనని చెప్పాను. అయితే కారు కొనాలన్నారు. సరేనన్నాను. అంటే బడులు తెరిచేలోగా కారు వస్తే ఉద్యోగం ఉంటుంది, రాకపోతే ఉండదు. డ్రైవింగ్ స్కూల్లో చేరి, నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకున్నాను. ఆ రోజు అందరికీ మిఠాయి కూడా పంచాను. మిఠాయి అందరికీ గుర్తుంది, లైసెన్సు ఎవరికీ గుర్తులేదు.

ఇక చర్చలు మొదలయ్యాయి. మా ఆయనకి ఆఫీసులో ఒక స్నేహితుడున్నారు. కార్ల గురించి ఆయనకి తెలియనిది లేదు, కారు తప్ప ఆయనకి లేనిదీ లేదు. చిన్న డీజిల్ కార్లు కొత్తవి రావడం దాదాపు ఆగిపోయింది కాబట్టి కొంటే సెకండ్ హ్యాండే కొనాలని తేల్చింది ఆయనే. రోజూ తిరిగేవాళ్లకి డీజిల్, ఎప్పుడో తిరిగేవాళ్లకి పెట్రోలు అన్నదీ ఆయనే.

“చెల్లెమ్మా, పెట్రోలు బండి అల్లుడులాంటిది. మర్యాదలు చెయ్యాలి. డీజిల్ బండి ఎద్దు. మేత తక్కువ, చాకిరీ ఎక్కువ,” అన్నారు నాతో. అంతే, తర్వాత నావైపు చూడలేదు.

రోజూ తిరిగేదాన్ని నేను. కానీ వాళ్లిద్దరూ కూర్చుని మేము రోజూ తిరిగేవాళ్లమా, ఎప్పుడో తిరిగేవాళ్లమా అని నా ఎదురుగానే వాదించుకున్నారు. మా ఆయన రైతుబజారు కలిపారు. ఏడాదికోసారి వెళ్లే సూర్యలంక సముద్రం కలిపారు. గన్నవరం విమానాశ్రయం కూడా కలిపారు. మా ఇంట్లో విమానం ఎక్కినవాళ్లు లేరు, ఎక్కబోయేవాళ్లూ లేరు. కారుంటే ఎవరో ఒకరు దింపమంటారు కదా అని ఆయన ధైర్యం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నేను టీలు అందించి, ఖాళీ గ్లాసులు తీసుకెళ్లాను.

అప్పుడు అత్తయ్య తన డబ్బా తెచ్చారు. మా క్రైస్తవుల ఇళ్లలో చాలామందికి అది తెలుసు. రొట్టె ఆకారంలో చిన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో రంగురంగుల చీటీలు, ఒక్కో చీటీ మీద ఒక వాక్యం. ప్రార్థన చేసుకుని ఒకటి తీస్తే అది మనకిచ్చిన వాగ్దానం. అందరూ కొత్త సంవత్సరానికి తీస్తారు. అత్తయ్య మిక్సీకి కూడా తీస్తారు. ఆ రోజు కళ్లు మూసుకుని, చాలాసేపు పెదవులు కదిపి, ఒక పచ్చ చీటీ తీసి నా చేతికిచ్చారు. చదివాను. ఎవరి తలకో నూనె రాసే వాక్యం వచ్చింది.

“విన్నావా?” అన్నారు కొడుకుతో. “ఆయిలు. ప్రభువు ఆయిలు బండే తీసుకోమంటున్నాడు.”

“అది ఒలీవ నూనె అమ్మా!”

“ఒలీవ నూనెతో నడిచే బండి ఉంటే అదే కొను. నేనొద్దన్నానా?”

స్నేహితుడు కల్పించుకుని, పెట్రోలు బండిలో కూడా ఇంజనాయిలు ఉంటుంది కదా పిన్నిగారూ, చీటీలో ఉన్నది ఆ ఆయిలు కావచ్చు కదా అన్నారు. వాక్యాన్ని వంకర తిప్పకు నాయనా, పాపం, అని అత్తయ్య గట్టిగానే హెచ్చరించారు. ఆదివారం ఆరాధన అయ్యాక సంగతి పాస్టరుగారి దాకా వెళ్లింది. ఆయనది పెట్రోలు స్కూటరు. ఆలోచించి, “ప్రార్థనలో పెడదామండి,” అన్నారు. ఆ పైవారం సంఘమంతా మా కారు కోసం ప్రార్థన చేసింది. నడిపేదెవరో మాత్రం దేవుడికి కూడా ఎవరూ చెప్పలేదు.

మొత్తానికి ఆటోనగర్లో పాత కార్లు అమ్మే ఒక షెడ్డులో తెల్ల డీజిల్ కారు ఉందని కబురొచ్చింది. బడులు తెరవడం దగ్గర పడింది. పొద్దున్నే అందరం వెళ్లాం. నేను, మా ఆయన, అత్తయ్య, స్నేహితుడు, ఆయన వెంటబెట్టుకొచ్చిన మెకానిక్కు. షెడ్డు యజమాని ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ, తెల్ల బండి అదే, తాళం దానికే ఉంది, చూసుకోండి అన్నట్టు చెయ్యి ఊపి లోపలికి వెళ్లిపోయారు. నీడలో ఉన్న తెల్ల బండి చుట్టూ మా వాళ్లు మూగారు. మా ఆయన స్టీరింగు ముందు కూర్చున్నారు. స్నేహితుడు ఆయన పక్కన. వెనక సీట్లో మెకానిక్కు, ఇంకొకాయన. ఆ ఇంకొకాయన ఎవరో మాకు ఇప్పటికీ తెలీదు. మెకానిక్కు మనిషని మా ఆయన అనుకున్నారు, మా చుట్టమని మెకానిక్కు అనుకున్నాడట. వెనక ఇంకో చోటుంది. నేను ఎక్కబోయాను.

“చెల్లెమ్మా, లోడు ఎక్కువైతే పికప్పు తెలీదు,” అన్నారు స్నేహితుడు. తలుపేసుకున్నారు. బండి ఆటోనగర్ దుమ్ములో కలిసిపోయింది.

రోడ్డు పక్కన నేనూ అత్తయ్యా మిగిలాం. నా చేతిలో మా ఆయన హెల్మెట్టు, స్నేహితుడి టిఫిను సంచి.

అత్తయ్య కాసేపు రోడ్డు వైపు చూశారు. తర్వాత నన్ను చూశారు.

“ఆ బండి నడిపేదెవరమ్మా?”

“నేనేనండీ.”

“మరి నువ్విక్కడున్నావేంటి?”

ఇన్నాళ్లూ నేను అడగాలనుకున్న మాట అదే. నాకు ఒళ్లు మండిపోయింది. పెళ్లికూతుర్ని విడిదింట్లో వదిలేసి పెళ్లికి వెళ్లే జనం ఉంటారని వినలేదు, ఆ రోజు చూశాను. హెల్మెట్టు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

అప్పుడు షెడ్డు యజమాని టీ గ్లాసుతో బయటికొచ్చి, అటూ ఇటూ చూసి, నెత్తి కొట్టుకున్నారు.

“అయ్యో, మీవాళ్లు పెట్రోలు బండి తీసుకెళ్లారేంటండీ? డీజిలు ఇదిగో, ఎండలో ఉందే, ఇది!”

చూస్తే అదే కంపెనీ, అదే తెలుపు. నీడ ఒక్కటే తేడా.

“తాళం ఉందా బాబూ?” అన్నారు అత్తయ్య.

“ఉందండీ. సారు రానివ్వండి, నడిపి చూస్తారు.”

“సారుకీ ఈ బండికీ సంబంధం లేదు. నువ్వు వెనకెక్కు,” అని అత్తయ్య చీర కుచ్చిళ్లు సర్దుకుని, చేతిసంచితో సహా ముందు సీట్లో కూర్చున్నారు. పాపం ఆయన టీ గ్లాసుతోనే వెనక ఎక్కారు.

తాళం తిప్పాను. కారు మొత్తం వణికింది, నాతో కలిపి. డ్రైవింగ్ స్కూలు బండి పెట్రోలుది. క్లచ్ కాస్త తొందరగా వదిలితే చాలు, చచ్చినట్టు ఆగిపోయేది. వెనక హారన్లు, పక్కన మాస్టారి నిట్టూర్పు. ఇక్కడా కంగారులో క్లచ్ అలాగే వదిలేశాను. ఆగిపోతుందని కళ్లు మూసుకున్నాను. ఆగలేదు. గుర్రుమని, నెమ్మదిగా, దాని మానాన అది ముందుకు కదిలింది. ఇన్ని నెలల వాదనల్లో ఈ ఒక్క సుగుణం ఎవరూ చెప్పలేదు.

బందరు రోడ్డెక్కాం. అత్తయ్య ఎప్పుడూ కళ్లు మూసుకుని ప్రార్థన చేసే మనిషి. ఆ రోజు మాత్రం కళ్లు బార్లా తెరిచి చేశారు.

“ప్రభువా, నా కోడలికి తోడుండు. ప్రభువా, ఎడమ పక్క ఆటో దూరుతున్నాడు. స్తోత్రం. ప్రభువా, ఆ గేదెను పక్కకు తప్పించు. తప్పించావు, స్తోత్రం.”

వెనక సీట్లో ఉన్న షెడ్డు యజమాని హిందువు. పోరంకి దాటేసరికి ఆయన కూడా స్తోత్రం అంటున్నారు.

పెనమలూరు దాటాక ఆ చోటు వస్తుందని నాకు తెలుసు. రోడ్డు అక్కడ అందరికీ మామూలుగానే ఉంటుంది. నాకు మాత్రం బస్సులో వెళ్లేటప్పుడు కూడా అక్కడ చెయ్యి సలుపుతుంది. సరిగ్గా అక్కడే వెనక లారీ వచ్చి హారన్ కొట్టింది. స్టీరింగు పక్కకు తిప్పబోయాను.

“కొట్టుకోనీ వాణ్ని,” అన్నారు అత్తయ్య. “నువ్వు నీ దారిన పోమ్మా.”

తిప్పలేదు. లారీ కాసేపు అరిచి, పక్కనుంచి వెళ్లిపోయింది. ఆ చోటు వెనకబడింది. నాకు ఏడుపొచ్చింది, ఏడుస్తూనే నడిపాను. కంకిపాడులో బండి తిప్పేటప్పుడు అత్తయ్య చేతిసంచిలోంచి రుమాలు తీసి, నా చేతులు ఖాళీ లేవని, తనే నా మొహం తుడిచారు.

మేం షెడ్డుకి తిరిగొచ్చేసరికి మా వాళ్లు అప్పటికే చేరి, పెట్రోలు బండి బానెట్టు తెరిచి చుట్టూ నిలబడి ఉన్నారు. స్నేహితుడు గట్టిగా చెప్తున్నారు. “ఆ లాగుడు చూశారా? డీజిల్ అంటే డీజిలేనండీ!” ఎవరో తెలీని ఆ ఇంకొకాయన అవునవునని తల ఊపుతున్నాడు. షెడ్డు యజమాని దిగి, అది పెట్రోలు బండి అని మెల్లగా చెప్పారు. అందరూ మెకానిక్కు వైపు చూశారు.

“నేను ఏసీ మెకానిక్నండీ. ఏసీ చూడమంటే వచ్చాను. ఏసీ బాగుంది,” అన్నాడు అతను.

మా ఆయన మా బండి దగ్గరికొచ్చారు. ముందు సీట్లో వాళ్లమ్మను చూశారు. వెనక సీటు ఖాళీగా ఉంది. చుట్టూ చూశారు.

“ఎవరు నడుపుకొచ్చారమ్మా? డ్రైవరేడీ?”

నా చేతులు ఇంకా స్టీరింగు మీదే ఉన్నాయి. అత్తయ్య కొడుకు మొహంలోకి అలా చూస్తూ కూర్చున్నారు. ఆయన నన్ను చూశారు. నా ఎర్రబడ్డ కళ్లు చూశారు. టిఫిను సంచీ హెల్మెట్టూ నా దగ్గర లేకపోవడం కూడా గమనించినట్టున్నారు, వాటిని షెడ్డు ముందు నేల మీదే వదిలేసి వెళ్లాను. వంగి కిటికీ మీద చెయ్యి పెట్టారు.

“ఎందాకా వెళ్లారు?”

“కంకిపాడు.”

పెనమలూరు మీదుగానే వెళ్లాలని ఆయనకీ తెలుసు.

“నీకెలా ఉంది బండి?” అన్నారు. ఇన్ని నెలల్లో నన్ను ఆ మాట అడగడం అదే మొదటిసారి.

“ఆగిపోలేదండీ,” అన్నాను.